రేకు చప్పుడు గుర్తుంది, నాన్న గొంతు గుర్తుకు రావడం లేదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో ఒక పల్లె. నా వయసు 36. పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ పనికి వెళ్తాను. ఏడాదిగా మతిమరుపు ఎక్కువైందనిపిస్తోంది. కుక్కర్ పెడితే ఎన్ని ఈలలు వచ్చాయో గుర్తుండదు. మాడు వాసన వచ్చాక పరుగెడతాను. ‘ఏటే, అన్ని ఈలలేస్తంటే ఇనబడ్నేదేటి?’ అని మా అత్త రోజూ అంటుంది. రాత్రిపూట మాత్రం పెరటి వెనక జీడితోటలో ఎండుటాకు కదిలినా మెలకువ వచ్చేస్తుంది. తిత్లీ తుఫాను రాత్రి పక్కింటి రేకు కొట్టుకున్న చప్పుడైతే ఇప్పటికీ చెవిలోనే ఉంది. ఎక్కడ రేకు టపటపలాడినా గుండె దడ, చెమటలు. అన్నిటికన్నా బాధ ఏమిటంటే, మా నాన్న పోయి నాలుగేళ్లయింది. ఆయన గొంతు ఎంత తలుచుకున్నా గుర్తుకు రావడం లేదు. ఆ పాడు రేకు చప్పుడు గుర్తుండటం, కన్నతండ్రి గొంతు గుర్తుండకపోవడం ఏమిటండీ? మెదడు స్కానింగ్ చేయించుకోమంటారా?
— ఒక సోదరి

సమాధానం:

అమ్మా, ముందు స్కానింగ్ సంగతి చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే దాని అవసరం కనిపించడం లేదు. తెలిసిన దారిలోనే దారి తప్పడం, రోజూ చూసే మనుషుల పేర్లు మరిచిపోవడం, అడిగిందే పదేపదే అడగడం, ఏళ్లుగా చేస్తున్న పని ఎలా చేయాలో తోచకపోవడం, ఇలాంటివి ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లమనేదాన్ని. మీరేమో పప్పు చూడగానే ఇది 210, ఇది 320 అని విడదీసే పనిలో ఉన్నారు. పౌనుకు ఎన్ని పలుకులు తూగుతాయో అన్న లెక్క మీద పెట్టిన రకాలవి. కంటితోనే ఆ తేడా పట్టేసే మనిషిని మతిమరుపు మనిషి అనడం నాకు ఇష్టం లేదు.

మీ ఉత్తరంలో ఉన్నవి నాలుగు శబ్దాలు. కుక్కర్ ఈల, ఎండుటాకు, రేకు, నాన్న గొంతు. నాలుగింటినీ కలిపి ‘మతిమరుపు’ అని ఒకే పేరు పెట్టేశారు. నాలుగూ ఒకటి కావు. అందుకే విడివిడిగా చెబుతాను.

కుక్కర్‌తో మొదలుపెడదాం, అది తేలిక. ఈల మీ చెవిదాకా వస్తూనే ఉంది. ఆ సమయంలో మీరు పిల్లల క్యారేజీలు సర్దుతుంటారు, కూరగాయలు తరుగుతుంటారు, ఆటో వెళ్లిపోతుందేమోనని టెన్షన్ పడుతుంటారు. కళ్లు ఒక పనిలో పూర్తిగా మునిగి ఉన్నప్పుడు పక్కన మోగిన శబ్దం కూడా మనసుకు ఎక్కకుండా పోతుందని లండన్‌లో నిల్లీ లావీ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం ప్రయోగాలు చేసి చూపించారు. పైగా ఈలలన్నీ ఒకేలా ఉంటాయి. మూడో ఈలను నాలుగో ఈలను వేరుచేసే గుర్తు ఏదీ లేదు. నిన్నటి లెక్క, ఇవాళ్టి లెక్క కలగాపులగం అయిపోతాయి. ఇందులో మీ మెదడు తప్పేమీ లేదు. ఈలలు లెక్కపెట్టడం మానేయండి. మొదటి ఈల రాగానే మంట తగ్గించి, ఫోన్‌లో మీ పప్పుకు సరిపడా నిమిషాలకు అలారం పెట్టండి. అంతకన్నా మంచి ఉపాయం, ఆ లెక్క మీ అత్తగారికే అప్పగించడం. ఈలలు ఆవిడకు ఎలాగూ బాగా వినబడుతున్నాయి కదా.

ఇంట్లో వాళ్లు పక్కనుంచి పిలిచినా వినబడకపోతే, టీవీ సౌండు పెంచాల్సి వస్తుంటే, చెవుల పరీక్ష ఒకటి చేయించుకోండి. రోజంతా మెషిన్ల హోరు మధ్య పనిచేసేవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక అసలు విషయం. చెవితో విన్నది గుర్తుండటం మనుషులందరికీ కష్టమే. 2009లో అమెరికాలో కోహెన్, హోరోవిట్జ్, వుల్ఫ్ అనే ముగ్గురు రోజువారీ శబ్దాలు కొన్ని వినిపించి, తర్వాత ‘ఇది ఇందాక విన్నదేనా, కొత్తదా?’ అని అడిగి చూశారు. బొమ్మలతో కూడా అలాగే చేశారు. బొమ్మల్ని గుర్తుపట్టినంత బాగా శబ్దాల్ని గుర్తుపట్టలేకపోయారు. 2014లో అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. కుక్క మొరగడం లాంటివి వినిపించారు, శబ్దం లేని వీడియోలు చూపించారు, కనబడకుండా ఉంచిన కప్పు లాంటి వస్తువుల్ని చేత్తో తడిమి చూడమన్నారు. ఒక రోజు, వారం గడిచాక అడిగితే చూసినవి, తాకినవి గుర్తున్నంతగా విన్నవి గుర్తులేవు. దీనికి ఒక కారణం నాకు తోచేది చెబుతాను. ఒక వస్తువు కళ్లముందు ఉంటే ఇంకోసారి చూసుకోవచ్చు. శబ్దం అలా కాదు, వచ్చింది వచ్చినట్టే పోతుంది.

మరి ఆ రేకు చప్పుడు ఏళ్లు గడిచినా ఎందుకు పోలేదు?

2007లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జేమ్స్ నెయిర్న్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. మామూలు పదాల జాబితా ఒకటి ఇచ్చారు. కొందరితో, ‘ఊరుకాని ఊరులో, పెద్ద గడ్డిమైదానంలో ఏ ఆసరా లేకుండా చిక్కుకున్నారనుకోండి. తిండి, నీళ్లు వెతుక్కోవాలి, క్రూరమృగాల బారిన పడకుండా ఉండాలి. ఈ వస్తువు మీకు ఎంత పనికొస్తుందో మార్కు వేయండి’ అన్నారు. ఇంకొందరితో, ‘కొత్త దేశానికి ఇల్లు మారుతున్నారు, ఇది ఎంత పనికొస్తుంది?’ అన్నారు. మరికొందరితో, ‘ఈ పదం వింటే మనసుకు ఎంత హాయిగా ఉంది?’ అన్నారు. తర్వాత పరీక్ష పెడతామని ఎవరికీ చెప్పలేదు. కాసేపాగి ‘ఇందాకటి పదాలు ఎన్ని గుర్తున్నాయో రాయండి’ అంటే, ప్రాణం నిలుపుకోవడం గురించి ఆలోచించినవాళ్లే ఎక్కువ రాశారు. పదాలు అందరికీ అవే. మారింది వాటి గురించి ఆలోచించిన తీరు.

దీన్ని మీ ఊరికి తెచ్చి చూడండి. తుఫాను వెలిసిన పొద్దున వాకిట్లో నిలబడ్డారు. కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి, కరెంటు లేదు, మోటారు ఆడదు కాబట్టి నీళ్లు లేవు. ఇప్పుడు ఒక తాడు గురించి ఆలోచించండి. బావిలోంచి నీళ్లు తోడుకోవచ్చు, పట్టా కట్టుకోవచ్చు, పడిన కొమ్మను లాగవచ్చు, గొడ్డును కట్టేయవచ్చు. ఒక్క తాడు చుట్టూ ఇన్ని ఆలోచనలు అల్లుకున్నాయి. ‘తాడు అంటే మనసుకు హాయిగా ఉందా?’ అని అడిగితే ఇన్ని ఆలోచనలు వచ్చేవా? క్రోనైసెన్, ఎర్డ్‌ఫెల్డర్ అనే ఇద్దరు జర్మన్ పరిశోధకులు 2011లో ఇదే మాట అన్నారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒక్కో వస్తువు గురించి పదిరకాలుగా ఆలోచిస్తాం, ఎన్ని ఆలోచనలు అల్లుకుంటే తర్వాత దాన్ని వెతికి పట్టుకోవడానికి అన్ని దారులు ఉంటాయి అని. ఆదిమానవుల కాలం నుంచి మన జ్ఞాపకం అలా తయారైందనే వాదన కూడా ఉంది. నాకు మాత్రం ఈ జర్మన్ల మాటే ఎక్కువ సబబుగా తోస్తుంది. ఇవన్నీ పదాలతో చేసిన ప్రయోగాలు కాబట్టి, శబ్దాలకూ అచ్చంగా ఇలాగే జరుగుతుందని నేను అనను. కానీ మీ రేకు విషయంలో ఆ రాత్రి ఏం జరిగిందో తలుచుకోండి.

తిత్లీ 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. ఆ చీకట్లో మీ కళ్లకు పని లేదు. బయట ఏం జరుగుతోందో చెప్పడానికి ఉన్నవి చెవులే. రేకు కొట్టుకున్న ప్రతిసారీ మీ మనసులో ఎన్ని ప్రశ్నలు పరుగెత్తి ఉంటాయో ఊహించగలను. అది ఊడి మన మీద పడుతుందా? పిల్లల్ని ఏ మూలన పడుకోబెట్టాలి? తలుపు ఆగుతుందా? గాలి ఏ దిక్కుకు తిరిగింది? నెయిర్న్ తన ప్రయోగశాలలో ఊహించుకోమన్నదాన్ని మీరు నిజంగా అనుభవించారు. దానికి తోడు, భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఊరుతాయి. అవి ఆ సమయంలోని జ్ఞాపకాల్ని మరింత గట్టిగా నాటుతాయని జేమ్స్ మెక్‌గా అనే శాస్త్రవేత్త దశాబ్దాలపాటు పరిశోధించి తేల్చారు. మెదడులో అమిగ్డాలా అనే చిన్న భాగం ఉంటుంది, భయానికి సంబంధించిన పనిలో దానిది ముఖ్యమైన పాత్ర. చెవినుంచి వచ్చే కబురు దానికి చాలా తొందరగా చేరుతుంది. ఆ చప్పుడు ఏమిటో మీరు ఆలోచించుకునే లోపే గుండె దడదడలాడటం అందుకే.

ఇలా గట్టిగా నాటుకున్న జ్ఞాపకం ఎంత స్పష్టంగా ఉన్నా, ప్రతి వివరమూ నిజమే అయి ఉండాలని లేదు. 1986లో అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడు, ఆ వార్త ఎలా తెలిసిందో కొందరు విద్యార్థుల చేత రాయించి, కొన్నేళ్ల తర్వాత మళ్లీ అడిగారు. చాలామంది ముందు రాసినదానికి పొంతన లేకుండా చెప్పారు, అదీ ఎంతో నమ్మకంగా.

ఎండుటాకు సంగతి వేరు. అది పాత భయం కాదు, ఇవాళ్టి అవసరం. మీ వైపు జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, మనుషుల మీద పడ్డాయి కూడా. అలాంటి చోట ఎండిన జీడాకు మీద బరువైన అడుగు పడితే మెలకువ రావడం మీ ప్రాణానికి కాపలా. నిద్రలో కూడా మెదడు శబ్దాల్ని జల్లెడ పడుతూనే ఉంటుంది. నిద్రపోతున్నవాళ్ల దగ్గర పేర్లు వరుసగా వినిపిస్తే, వేరేవాళ్ల పేర్లకన్నా సొంత పేరుకే ఎక్కువగా కదిలారని 1960లోనే గమనించారు. ఇంకో ముచ్చట. జాన్ న్యూహాఫ్ అనే ఆయన 1998లో శబ్దం క్రమంగా పెరిగేలా, క్రమంగా తగ్గేలా వినిపించి చూశారు. రెండింటిలోనూ మార్పు అంతే ఉన్నా, పెరిగే శబ్దమే ఎక్కువ మారినట్టు జనానికి అనిపించింది. పెరిగే శబ్దం అంటే దగ్గరికి వస్తున్నది అని అర్థం. దగ్గరికి వచ్చేదాన్ని కాస్త ఎక్కువగా అంచనా వేసుకుంటే ముందే జాగ్రత్త పడతాం. కాబట్టి ఆకుల చప్పుడుకు లేస్తున్నందుకు బాధపడకండి. లేచాక మాత్రం టార్చి పట్టుకుని ఒంటరిగా పెరట్లోకి వెళ్లకండి. లోపలినుంచే లైటు వేయండి, ఇంట్లోవాళ్లను లేపండి.

అయితే దీనికి ఖరీదు ఉంది. రాత్రి పదేపదే లేస్తే నిద్ర చాలదు. నిద్ర చాలకపోతే మర్నాడు మనసు నిలవదు. కుక్కర్ ఈలలు మరిచిపోవడానికి మీ రాత్రి నిద్రే పెద్ద కారణమని నా అనుమానం. పెరటి వైపు కాకుండా వీధి వైపు గదిలో పడుకునే వీలుంటే కొన్నాళ్లు అలా చేసి చూడండి. ఆ వైపు కాపలా మీ ఆయన వంతు. దాంతోపాటు రక్తం, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోండి. రక్తం, బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడాగా ఉన్నా మతిమరుపులా కనిపించవచ్చు, మందులతో చాలావరకు సర్దుకుంటుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మనిషికి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు గానీ, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూపించుకుని చాలాకాలమైతే అదీ చేయించండి. స్కానింగ్‌కు పెట్టే డబ్బుకన్నా ఇవి చాలా తక్కువ.

రేకు భయానికి ఏం చేయాలి? రెండు పనులున్నాయి. మొదటిది మనసుకు సంబంధించింది కాదు. మీ ఇంటి రేకులు, పక్కింటి రేకులు ఎవరినైనా ఎక్కించి చూపించండి. వదులైన హుక్కులు బిగించండి, తుప్పు పట్టినవి మార్చండి. అక్టోబరు రాకముందే ఈ పని అయిపోవాలి. తుఫాను అంటే ఏ షెల్టర్‌కు వెళ్లాలి, కాగితాలు ఎందులో పెట్టాలి, ముసలివాళ్లను ఎవరు పట్టుకోవాలి, ఇవన్నీ ఇంట్లో కూర్చుని ముందే మాట్లాడుకోండి. ప్రాణానికి సంబంధించి ఆలోచించిన విషయం బాగా గుర్తుంటుందని ఇందాక చెప్పుకున్నాం కదా, దాన్ని ఇక్కడ వాడుకోండి. ఏం చేయాలో తెలిసినవాళ్లకు ఆ చప్పుడు వినగానే కాళ్లూ చేతులూ ఆడతాయి, తెలియనివాళ్లకు గుండె ఒక్కటే ఆడుతుంది.

రెండోది కాస్త ఓపికగా చేయాలి. పట్టపగలు, గాలి లేనప్పుడు, పక్కన ఎవరినైనా తోడు పెట్టుకుని, మీ చేత్తోనే ఒక పాత రేకును మెల్లగా కదిలించండి. దడ వస్తుంది. రానివ్వండి. అది తగ్గేదాకా అక్కడే ఉండండి, మధ్యలో లేచి వెళ్లిపోకండి. కొన్ని రోజులు అలా చేశాక ఇంకొంచెం గట్టిగా కదిలించండి. పాత భయం చెరిగిపోదు. ‘ఈ చప్పుడు వచ్చినా ఏమీ కాలేదు’ అన్న కొత్త జ్ఞాపకం దాని పక్కన చేరుతుంది, రోజులు గడిచేకొద్దీ దాని బలం పెరుగుతుంది. మళ్లీ తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు దడ తిరిగి రావచ్చు. వస్తే చేసిందంతా వృథా అనుకోకండి. కానీ రేకు చప్పుడు మొదలవగానే ఊపిరాడకపోవడం, ఆ రాత్రి మళ్లీ జరుగుతున్నట్టే అనిపించడం, పీడకలలు, పనికి వెళ్లలేకపోవడం ఉంటే ఇవేవీ సొంతంగా చేయవద్దు. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు అక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. దగ్గరలో ఏ మానసిక వైద్యుణ్ని కలవాలో కూడా వాళ్లను అడగండి.

ఇప్పుడు మీ నాన్నగారి గొంతు. ఉత్తరమంతా దీనికోసమే రాశారని నాకు అర్థమైంది.

ఒక మనిషి గొంతును తలుచుకుని చెవిలో వినిపించుకోవడం, ఆ గొంతు వినబడితే గుర్తుపట్టడం, ఈ రెండూ వేర్వేరు పనులు. మొదటిది చాలా కష్టం, బతికున్నవాళ్ల గొంతు విషయంలో కూడా. మీ చిన్నప్పటి స్నేహితురాలి గొంతును ఇప్పుడు మనసులో వినిపించుకోవడానికి ప్రయత్నించండి, తెలుస్తుంది. రెండోది తేలిక. మీ నాన్నగారు పక్కగదిలోంచి ఒక్క మాట అంటే ఈ క్షణంలో గుర్తుపడతారు. ఆ జ్ఞాపకం మీలో ఉంది. దాన్ని బయటికి లాగే కొస ఒకటి దొరకాలి, అంతే.

ఇక రేకుతో పోల్చుకుని మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారు. అది వద్దు. రేకు చప్పుడు ఒక్క రాత్రిది, ప్రాణం మీదికి వచ్చిన రాత్రిది. నాన్న గొంతు వేల రోజులు విన్నారు. అది వినబడుతున్నప్పుడు మీకు ఏ అపాయమూ లేదు, ఏం చేయాలా అని ఆలోచించుకోవాల్సిన పనీ లేదు. ఏ ఒక్క రోజునో పట్టుకుని దాచుకోలేదంటే ఆయన ఉన్నంతకాలం మీరు నిశ్చింతగా ఉన్నారని అర్థం. ప్రేమ తక్కువై కాదమ్మా.

కొస ఎలా దొరుకుతుంది? ‘నాన్న గొంతు’ అని కళ్లు మూసుకుని కూర్చుంటే రాదు. విన్న చోటు, విన్న సందర్భం దగ్గరికి వెళ్లాలి. ఒక విషయం ఏ పరిస్థితిలో మనసులో చేరిందో అదే పరిస్థితి గుర్తుచేస్తే బయటికి వస్తుందని టల్వింగ్, థామ్సన్ అనే శాస్త్రవేత్తలు 1973లోనే చెప్పారు. ఆయన మిమ్మల్ని ఏమని పిలిచేవారు? అమ్మీ అనా, గుంటా అనా? తోటలో రాలిన పిక్కలు ఏరేటప్పుడు ఏమనేవారు? కోపమొస్తే మొదట వచ్చే మాట ఏమిటి? సంతలో బేరమాడేటప్పుడు గొంతు ఎలా మారేది? ఆ మాటల్ని ఆయన అన్నట్టే, మన యాసలోనే, పైకి అని చూడండి. మీ తోబుట్టువులతో కలిసి కూర్చుని చేస్తే ఇంకా మంచిది. ఇళ్లల్లో తండ్రిలా మాట్లాడి నవ్వించే కొడుకు ఒకడు ఉంటాడు. ఆ ఒక్క మాట విరుపు చాలు, మిగతాది మీ చెవే పూర్తిచేస్తుంది.

అసలు గొంతు కోసం కూడా వెతకండి. మీ పెళ్లి వీడియో సీడీ, బంధువుల ఇళ్లలో గృహప్రవేశాల వీడియోలు, పాత ఫోన్లలో మెమరీ కార్డులు, ఎవరి వాట్సాప్‌లోనో మిగిలిపోయిన వాయిస్ మెసేజ్. పెళ్లి వీడియోల్లో పాట కింద మాటలు మునిగిపోతాయి గానీ, అప్పగింతల దగ్గర, భోజనాల దగ్గర తండ్రి ఎవరినో పిలుస్తూ దొరుకుతాడు. సీడీ గీతలు పడి ఆడకపోతే పారేయకండి, పలాసలోనో శ్రీకాకుళంలోనో ఫొటో స్టూడియోల్లో అడగండి. దొరికాక మొదటిసారి ఒంటరిగా వినకండి. ఏడుపొస్తుంది, పక్కన మనిషి ఉండాలి.

మీ అమ్మగారి గురించి ఉత్తరంలో రాయలేదు. ఆవిడ ఉంటే ఈ ఆదివారమే ఫోన్ పక్కన పెట్టి మాట్లాడించండి. అత్తగారిని కూడా కూర్చోబెట్టండి. ఏం మాట్లాడాలి అంటారు, తిత్లీ రాత్రి సంగతులు చెప్పమనండి, ఆపకుండా చెబుతారు. ఆ రికార్డింగు ఒకటి మీ ఫోన్‌లో, ఒకటి మీ తోబుట్టువుల ఫోన్‌లో ఉంచండి.